బొంతకు కూలి ఎంత?

డిసెంబరు వచ్చిందంటే తెలంగాణలో చలి వార్త ఉత్తరం నుంచే మొదలవుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, నిర్మల్ జిల్లాల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగడం దాదాపు ఏటా ఉండేదే. కొన్నేళ్లు ఆదిలాబాద్ ప్రాంతంలో 5 డిగ్రీల లోపుకు కూడా పడింది. నిర్మల్ జిల్లా ఖానాపూర్‌కు ఒక పక్క గోదావరి, మరో పక్క కవ్వాల్ అడవి, గుట్టలు. సదర్మాట్, కడెం కాల్వల కింది వరి మళ్ల మీద తెల్లవారుజామున మంచు దిగితే పొద్దెక్కేదాకా కదలదు. ఈ చలికి ఇక్కడి పల్లెలు, గూడేలు, తండాలు తరతరాలుగా నమ్ముకున్నది బొంతను. చిరిగిన చీరెలు, పాత ధోవతులు, దర్జీ కత్తెర కింద రాలిన ముక్కలు పొరలు పొరలుగా పరిచి దబ్బనంతో కుట్టిన పక్కబట్ట అది. కింద పరుచుకుంటే పరుపు, మీద కప్పుకుంటే దుప్పటి. పురిటింట్లో పసిగుడ్డు కిందికి, పొలం కాడ కావలి పండుకునేవాడి మంచె మీదికి, బండి ప్రయాణంలో గడ్డి మీదికి అన్నింటికీ అదే.

ఇప్పుడు బొంతలు కుట్టే ఇళ్లు బాగా తగ్గాయి. ఎందుకని అడిగితే అందరి దగ్గరా ఒకే జవాబు సిద్ధంగా ఉంటుంది: నాలుగు డబ్బులొచ్చాయి, రగ్గులొచ్చాయి, ఇంకా బొంతలెవరు కప్పుకుంటారు? ఈ జవాబులో సగం నిజముంది. మిగతా సగం కోసం బొంతను మనం ఎలా లెక్కగట్టామో చూడాలి. బట్ట పాతదే కదా అని వస్తువు మొత్తాన్నీ ఉచితం కింద జమ కట్టాం. బట్ట ఉచితమే కావచ్చు, దాన్ని బొంతగా మార్చిన చేతిపని మాత్రం ఏనాడూ ఉచితం కాదు. ఆ పనికి కూలి కట్టకపోవడమే బొంతను చంపుతున్నదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇప్పుడు కొందరు దాన్ని మళ్లీ నిలబెట్టాలని, చెత్తకు పోయే గుడ్డముక్కలతో ఆడవాళ్లకు ఉపాధి చూపాలని తపన పడుతున్నారు. మంచి ఆలోచనే. కానీ కూలి లెక్క తేలకుండా మొదలుపెడితే ఆ ప్రయత్నం కూడా పాత తప్పునే కొత్త పేరుతో చేస్తుంది.

ముందు పని ఎంతో చూద్దాం. దూదేకులవాళ్లు దూది ఏకి నింపే రజాయి వేరు, బొంత వేరు. బొంతలో దూది ఉండదు, బట్టే దూది చేసే పని చేస్తుంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బొంత అనుకుందాం. ఐదున్నర మీటర్ల నూలు చీరెను ఆ కొలతకు మడిస్తే రెండున్నర పొరలకు పైగా వస్తుంది. మూడు చీరెలు తీసుకుని, పీలికలైన చోట్లు కత్తిరించి పారేస్తే ఏడు పొరలు తేలతాయి. ఉన్నవాటిలో గట్టిగా ఉన్న చీరె అడుగు పొర అవుతుంది. దాన్ని నేల మీద ముడత లేకుండా పరిచి నాలుగు మూలలా రాళ్లు పెడతారు. మీద మెత్తబడిన బట్టలు పరుస్తారు. మధ్యలో ఎక్కడ పలచబడిందో అరచేత్తో తడిమి చూసి అక్కడ ముక్కలు సర్దుతారు. చేతులకొచ్చిన ఈ అంచనా ఏ పుస్తకంలోనూ దొరకదు. ఒకచోట పొర తగ్గితే చలి అక్కడి నుంచే దూరుతుంది, ఒకచోట ఎక్కువైతే దబ్బనం దిగదు, పడుకున్నవాడి వీపుకు ఉండకట్టి తగులుతుంది. పై పొరకు రంగులు చూసి ముక్కలు అతికి, అంచులు లోపలికి మడిచి, కదలకుండా పెద్దపెద్ద కచ్చా కుట్లు వేస్తారు. అప్పుడు మొదలవుతుంది అసలు కుట్టు.

ఆ కుట్టును లెక్క వేసి చూడాలి. వరసకూ వరసకూ మధ్య అంగుళం ఎడం ఉంటే ఆరడుగుల పొడవు వరసలు 48 పడతాయి. అంటే 288 అడుగుల కుట్టు. అరంగుళానికి ఒక కుట్టు చొప్పున దాదాపు 7 వేల కుట్లు. ఏడు పొరల్లోంచి దబ్బనం దించి, మళ్లీ పైకి లాగి, దారం బిగించడం 7 వేల సార్లు. చెయ్యి తిరిగిన మనిషి నిమిషానికి పది కుట్లు వేసినా, నడుం ఎత్తకుండా కూర్చుంటే దాదాపు పన్నెండు గంటలు పడుతుంది. పాత బట్టలు ఉతికి ఆరబెట్టడం, ఏది పనికొస్తుందో ఏది రాదో ఏరడం, పై పొర అతకడం, అంచులు కట్టడం కలిపితే అంతకు రెట్టింపవుతుంది. తక్కువలో తక్కువ మూడు పనిదినాలు. ఇది నా అంచనా. కుట్టు దగ్గరైతే పెరుగుతుంది, దూరమైతే తగ్గుతుంది. ఉపాధి హామీ పథకంలో తెలంగాణకు 2025-26లో ఖరారు చేసిన రోజు కూలి 307 రూపాయలు. మట్టి తవ్వే పనికి ప్రభుత్వం ఇచ్చే ఆ రేటుతోనే కట్టినా బొంత కుట్టుకూలి 921 రూపాయలు అవుతుంది. దారం ఖర్చు వేరు. పాత బట్టల మూట అని చూసే వస్తువులో ఇంత కూలి దాగి ఉంది.

ఈ కూలి ఇంతకాలం ఎవరిచ్చారంటే, ఎవరూ ఇవ్వలేదు. అమ్మ కుట్టింది, అత్త కుట్టింది, కోత అయిపోయాక ఎండాకాలం మధ్యాహ్నాలు నలుగురు ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని కుట్టారు. దాన్ని మనం పని అనలేదు, తీరిక అన్నాం. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం కూలి లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు అందులో రోజుకు సగటున 289 నిమిషాలు గడుపుతున్నారు, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. బొంత ఈ 289 నిమిషాల సంతానం. అదే బొంత గడప దాటినప్పుడు మాత్రం సంగతి మారేది. ఊరూరా తిరిగే సంచార కులాల ఆడవాళ్లు ఇంటింటికీ వచ్చి బొంతలు కుట్టిపెట్టి గింజలో, పాత బట్టలో, పైసలో తీసుకుని పోయేవారు. ఇంటావిడ కుడితే విలువ లేనిది బయటావిడ కుడితే గింజలకు తూగింది. కుట్టు ఒకటే, చేసింది ఎవరన్నదే తేడా. కాబట్టి బొంతకు కూలి అడగడం కొత్తగా పుట్టించిన కోరిక కాదు, ఊళ్లో ఒకప్పుడు ఉన్న లెక్కే.

మరి ఆ తీరిక మధ్యాహ్నాలు ఎటు పోయాయి? నిర్మల్, జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల్లో ఈ ప్రశ్నకు జవాబు ప్రతి వాడకట్టులోనూ చాటలో కనిపిస్తుంది. ఆదిలాబాద్ అడవుల తునికాకు, ఒళ్లో చాట, చేతిలో కత్తెర. బీడీ పని కష్టమైనది, పొగాకు దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు. అయినా ఆ పనికి ఒక లెక్క ఉంది. వెయ్యి బీడీలకు ఇంత అని రేటు ఉంది. 1966లో బీడీ కార్మికుల కోసం ప్రత్యేకంగా చట్టం వచ్చింది. పీఎఫ్ ఉంది, తెలంగాణ వచ్చాక జీవన భృతి కూడా కలిసింది. సంఘాలు పెట్టి కొట్లాడి సాధించుకున్నవి ఇవన్నీ. ఇంట్లో కూర్చునే చేసే రెండు పనులు ఎదురెదురుగా నిలబడ్డప్పుడు, ఒకదానికి వెయ్యికింత అని కూలి, రెండోదానికి సున్నా అయితే, చెయ్యి ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? రగ్గు రాకముందే మధ్యాహ్నాలు బీడీల వైపు మళ్లాయని నా అనుమానం. బొంతను మరిచిపోయారని ఆడవాళ్లను తప్పుపట్టేవాళ్లు ఈ కూలి సంగతి ఒకసారి తలుచుకోవాలి.

ఇక్కడ సూటిగా ఒక అభ్యంతరం వస్తుంది. బజార్లో మెత్తటి రగ్గు అంతకంటే తక్కువకే దొరుకుతుంటే 900 రూపాయల కూలి పడే బొంత ఎవరు కొంటారు? గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి పెట్టెలోనూ ఒక మింక్ దుప్పటి ఉండే జిల్లాలివి. దాని మెత్తదనం ముందు, రంగు ముందు బొంత నిలుస్తుందా? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయకూడదు. చలికి వణికే పేద ఇంటికి తక్కువ ధరలో వెచ్చదనం దొరకడం మంచిదే, దాన్ని వద్దనే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆ రగ్గు చౌక ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. అది పాలిస్టర్, అంటే పెట్రోలియం నుంచి తీసిన దారం. పెద్ద యంత్రాల మీద లక్షల్లో తయారవుతుంది కాబట్టి ధర పడిపోయింది. ఆ దెబ్బకు మన దేశంలోనే పాత బట్టల మీద బతికిన ఒక పెద్ద పరిశ్రమ కుదేలైంది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన పాత ఉన్ని బట్టలను చీల్చి, మళ్లీ నూలు వడికి దుప్పట్లు నేసే ఊరు హర్యానాలోని పానిపట్. తుపాను, భూకంపం వచ్చినచోట సహాయ శిబిరాల్లో పంచే దుప్పట్లు అక్కడివే ఎక్కువగా ఉండేవి. యంత్రాలున్న పానిపట్టే పాలిస్టర్ ఫ్లీస్ ధర ముందు తట్టుకోలేక ఆ ఫ్లీస్ వైపే మళ్లింది. దబ్బనం పట్టిన చెయ్యి ధరలో గెలవడం అసాధ్యం. అందుకే ధరలో పోటీ పడే బొంతను నేను కోరడం లేదు. అలా పోటీ పడాలంటే తగ్గించగలిగింది కూలి ఒక్కటే. తగ్గించిన కూలి మీద బతికే కళ బతకనక్కర్లేదు.

బొంత గెలిచే చోట్లు వేరే ఉన్నాయి. పలుమార్లు ఉతికిన నూలు బట్ట చెమటను పీలుస్తుంది, ఒంటికి ఒరుసుకోదు. పొరల మధ్య నిలిచిన గాలి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. పాలిస్టర్ చెమట పీల్చదు, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. చలిమంట చుట్టూ రగ్గు కప్పుకుని కూర్చునే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. రగ్గు చిరిగితే పారేయాల్సిందే. బొంత చిరిగితే ఆ చోట ఇంకో ముక్క పడుతుంది, మరో పొర చేరుతుంది. ఇంట్లో పుట్టిన బిడ్డకు మన పెద్దవాళ్లు కొత్త బట్ట తొడగరు. వాడి వాడి మెత్తబడిన పాత నూలు బట్టలనే పొత్తిగుడ్డలుగా వాడతారు. పాత నూలు ఏమిటో, దానికి ఏం విలువ ఉందో మన ఇళ్లకు ఎప్పుడూ తెలుసు. తెలిసిన ఈ సంగతి ధర చీటీ మీదికి మాత్రం ఎక్కలేదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది, నొప్పించేది కూడా. అతుకు పేదరికపు గుర్తు, ఆ గుర్తు నుంచి బయటపడటానికే ఒక తరం ఎడారి దేశాల్లో చెమటోడ్చింది, ఇప్పుడు మళ్లీ బొంత కప్పుకోమనడం ఎక్కడి న్యాయం? ఈ మాట అనేవాళ్ల అనుభవం ముందు తల వంచాల్సిందే. ఒకే బొంత కింద నలుగురు పిల్లలు ముడుచుకున్న రాత్రులు గడిపినవాళ్లకు బొంత అందం గురించి పాఠం చెప్పడం తగని పని. అయితే అతుకుకు ఉన్న అర్థం అదొక్కటే కాదని ఈ నేలే చెబుతుంది. గోదావరికి అవతల, పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలం నాటి బౌద్ధ స్తూపం ఉంది. అక్కడ తిరిగిన భిక్షువుల ఒంటి మీది చీవరం ముక్కలు అతికి కుట్టినదే. పారేసిన గుడ్డలు ఏరి కుట్టుకోవడం వాళ్ల నియమం. మగధలో గట్లు కట్టిన వరి మళ్లను చూపించి చీవరాన్ని ఆ తీరులో కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుణ్ని అడిగాడని వినయ పిటకం చెబుతుంది. కొత్త బట్ట దానంగా వచ్చినా దాన్ని ముక్కలు చేసి మళ్లీ అతుకుతారు. రాజులు మొక్కిన ఒంటి మీది బట్టకు అతుకు ఒక పద్ధతి. సంక్రాంతికి గుమ్మం ముందుకొచ్చే గంగిరెద్దు మీద కప్పేదీ ఇంటింటి పాత బట్టలు కలిసిన రంగుల బొంతే. దాన్ని చూసి ఎవరూ జాలిపడరు, పిల్లలు వెంటపడతారు. అతుకును తప్పనిసరై వేసుకోవడంలో అవమానం ఉంది, ఎంచి వేసుకోవడంలో లేదు. బొంతను ఎంచుకునే వస్తువుగా మార్చాలంటే ముందుగా దాన్ని కుట్టేవాళ్ల తప్పనిసరి పోవాలి. మళ్లీ కూలి దగ్గరికే వచ్చాం.

అమెరికాలో అలబామా నది మలుపులో ఉన్న జీస్ బెండ్ అనే చిన్న ఊరి కథ ఈ విషయంలో మనకు చాలా నేర్పుతుంది. పత్తి తోటల్లో బానిసలుగా బతికిన నల్లజాతి కుటుంబాల వారసులు అక్కడివాళ్లు. పనిబట్టలు, సంచి గుడ్డలు, వెలిసిన ప్యాంట్లు చింపి ఆడవాళ్లు బొంతలు కుట్టారు. కారణం మనకున్నదే, చలి. 1966లో ఆ చుట్టుపక్కల స్త్రీలు ఒక సహకార సంఘం పెట్టుకుని బొంతలు అమ్మడం మొదలుపెట్టారు. పౌరహక్కుల ఉద్యమంలో ఓటు కోసం నిలబడి పని పోగొట్టుకున్న ఇళ్లకు అది ఆసరా అయింది. 2002లో హ్యూస్టన్‌లోని లలితకళల మ్యూజియం, ఆ తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ఆ బొంతలను గోడలకు వేలాడదీస్తే విమర్శకులు వాటిని ఆధునిక చిత్రకళ సరసన నిలబెట్టారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు వచ్చాయి. అంతటి పేరు వచ్చిన మరుసటి ఏడాది, 2007లో, కుట్టినవాళ్లలో కొందరు తమకు రావాల్సింది రాలేదంటూ కోర్టు మెట్లెక్కారు. చివరికి రాజీ కుదిరింది. కీర్తి వస్తే కూలి దానంతటదే వెనకాల వస్తుందని నమ్మేవాళ్లు ఈ వరసను మరోసారి చదవాలి. ముందు కూలి ఖరారు చేసుకోవాలి, కీర్తి తర్వాత వచ్చినా రాకపోయినా నష్టం లేదు.

అంత దూరం పోకుండా ఖానాపూర్ చుట్టూ ఉన్న తండాల్లోకే చూడవచ్చు. లంబాడా స్త్రీల కుట్టుపనిలో అతుకు, అద్దం, గవ్వ, రంగుదారం కలిసి ఉంటాయి. దానికి పేరుంది, కొనేవాళ్లున్నారు. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 జూలైలో హంపిలో జీ20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు అక్కడి లంబాణీ స్త్రీలు చేసిన 1,755 అతుకుపని వస్తువులను ఒకచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. పశ్చిమ బెంగాల్ నక్షీ కంథాకూ భౌగోళిక గుర్తింపు ఉంది. కంథా ఏమిటి? పాత చీరెలు పొరలు పరిచి కుట్టిన బొంత. మన వైపు నిర్మల్ బొమ్మలకు, కరీంనగర్ వెండి తీగ పనికి, ఆదిలాబాద్ డోక్రాకు, వరంగల్ జంపఖానాలకు గుర్తింపు వచ్చింది. వాటన్నింటికీ అది దక్కాల్సిందే. బొంత మాత్రం ఈ వరసలోకి రాలేదు. కొయ్య, వెండి, ఇత్తడి, మగ్గం అంటే మనకు వెంటనే కళ కనిపిస్తుంది. అమ్మ చేతి దబ్బనంలో కనిపించదు. అంగడిలో అమ్మిన చరిత్ర లేని పనిని కళగా చూడటం మనకింకా అలవాటు కాలేదు.

మూడో అభ్యంతరం పని తెలిసినవాళ్లు అడిగేది. బొంత సరే, నూలు బట్ట ఎక్కడుంది? ఇప్పుడు పల్లెల్లో కట్టే చీరెల్లో ఎక్కువ పాలిస్టర్, లేదా కలిపి నేసినది. సిరిసిల్ల మరమగ్గాల మీద ఎక్కువగా నేసేదీ పాలిస్టరే. 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ పండక్కి ఏటా కోటికి దగ్గరగా పంచిన చీరెలు అక్కడివి. ఆ చీరెలు పాతబడి పెట్టెల అడుగుకు చేరాయి. పత్తే ముఖ్య పంటగా పండించే ఆదిలాబాద్ నేల మీద పాత నూలు చీరె దొరకడం కష్టమైందంటే, పండినది బేళ్లుగా బయటికి పోయి, తిరిగి వచ్చేది పెట్రోలియం దారమవుతోందన్నమాట. ఇది బాధ కలిగించే మాటే గానీ బొంతకు అడ్డం కాదు. పాలిస్టర్ చీరె జారుతుంది, పొరలు ఒకదాని మీద ఒకటి నిలవవు, కాబట్టి కుట్టు వరసలు ఇంకా దగ్గరగా రావాలి. ఒంటికి తగిలే రెండు వైపులా నూలు వేసి పాలిస్టర్‌ను నడిమి పొరలకు వాడితే చెమట బాధ తగ్గుతుంది. బొంత తేలికగా ఉంటుంది, ఉతికితే తొందరగా ఆరుతుంది. పసిపిల్లలకు, పొయ్యి దగ్గర పడుకునే ముసలివాళ్లకు మాత్రం పూర్తి నూలు బొంతే కావాలి, అందులో రాజీ కూడదు. ఏది ఏ బొంతో కొనేవాళ్లకు తెలిసేలా చెప్పి అమ్మితే మోసం ఉండదు.

గుడ్డ దొరకదనే మాటలో ఇంకో పొరపాటు ఉంది. మన దేశంలో ఏటా పోగయ్యే బట్టల వ్యర్థం దాదాపు 78 లక్షల టన్నులని 2022లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ప్రపంచం మొత్తంలో ఇది 8.5 శాతం. అందులో సగం ఇళ్లలో కట్టి విడిచినది, 42 శాతం మిల్లుల్లో, కుట్టు కేంద్రాల్లో కత్తెర కింద రాలినది. ఖానాపూర్ లాంటి పట్టణంలో కూడా రాలుతున్నదేమిటో చూడాలి. మేరవాళ్ల కుట్టుదుకాణాల మూలన పేలికల మూటలుంటాయి. వాటికి తోడు ఇప్పుడు ఇంకో పెద్ద వనరు వచ్చింది. 2024 నుంచి ప్రభుత్వ బడుల పిల్లల యూనిఫాంలను మహిళా సంఘాల ఆడవాళ్లే కుడుతున్నారు. ప్రతి ఎండాకాలం మండలాల్లో యూనిఫాం గుడ్డ తానులు తానులుగా కత్తెరకు వస్తుంది. చొక్కా మెడ దగ్గర, చంక దగ్గర, అంచుల్లో తీసేసిన ముక్కలు ఒకే రంగులో, కొత్తవిగా, శుభ్రంగా కుప్పపడతాయి. అది కొంత కలనేత గుడ్డే అయినా పై పొర అతుకులకు చక్కగా సరిపోతుంది. ఆ కుప్ప చివరికి మంటలోకో, చెత్తబండిలోకో పోతుంది. ఆ యూనిఫాంలు కుట్టే గదిలోనే కూర్చున్న ఆడవాళ్లకు కుట్టుమిషను ఉంది, కత్తెర ఉంది, ఇంట్లో దబ్బనం పట్టడం తెలిసిన అత్తలున్నారు. ఇంత దగ్గరగా ఉన్న గుడ్డను, చేతిని కలిపే ఏర్పాటు ఒక్కటే లేదు.

బొంతలో ఉన్న అసలు లోపాలు కూడా ఒప్పుకోవాలి. పది పొరల బొంత తడిస్తే ఒక్క మనిషి ఎత్తలేదు. ముసురు పట్టిన ఆషాఢ శ్రావణాల్లో అది వారం రోజులైనా ఆరదు, వాసన పడుతుంది, మడతల్లో నల్లులు చేరతాయి. ఉతికే కష్టం మళ్లీ ఆడవాళ్ల మీదే పడుతుంది. రగ్గు నెగ్గడానికి ఇదీ ఒక గట్టి కారణమే. దీనికి పరిష్కారం కుట్టులోనే ఉంది. ఐదు పొరలకు మించని పలచటి బొంత, మీద విప్పి ఉతుక్కునే నూలు గలీబు. చలి ఎక్కువైతే ఒకదాని మీద ఒకటి రెండు కప్పుకోవచ్చు. పై పొర అతుకులను మిషను మీద వేసి, పొరలను కలిపే కుట్టు మాత్రం చేత్తో వేస్తే పనిగంటలు తగ్గుతాయి, బొంత మెత్తదనం చెడదు. మిషను పెడితే అది బొంతే కాదనే పట్టింపు నాకు లేదు. అమ్మమ్మలకు మిషను అంది ఉంటే వాళ్లూ వాడేవాళ్లే.

కొనేదెవరన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. వెంటనే తోచే ఆలోచన ఆశ్రమ పాఠశాలలు, వసతిగృహాలు. ఉట్నూరు ఐటీడీఏ కింద గిరిజన పిల్లలు చదివే హాస్టళ్లకు దుప్పట్లు, జంపఖానాలు ప్రభుత్వమే కొంటుంది కాబట్టి బొంతలూ కొనమనవచ్చు. నేను దీన్ని మొదటి మెట్టుగా ఒప్పుకోను. ఊళ్లో డబ్బున్నవాళ్లు రగ్గు కప్పుకుంటుండగా గిరిజన పిల్లవాడికి ప్రభుత్వం అతుకుల బట్ట పంచితే, వాడు దాన్ని ఏ గుర్తుగా చూస్తాడో ఊహించడం కష్టం కాదు. వరస తిరగెయ్యాలి. కడెంలో, జన్నారంలో పర్యాటక శాఖ హరిత విడిదులున్నాయి. కవ్వాల్ అడవి చూడటానికి హైదరాబాద్ నుంచి వచ్చి, గదికి డబ్బు కట్టి పడుకునేవాళ్ల మంచాల మీద ముందు ఈ బొంత ఉండాలి. గోల్కొండ హస్తకళల దుకాణాల్లో నిర్మల్ బొమ్మల పక్కన ఉండాలి. చలికాలంలో ఇంటికి వచ్చి పోయేటప్పుడు ఏదో ఒకటి పట్టుకెళ్లాలనుకునే ప్రవాస కుటుంబాలకు, పుట్టిన బిడ్డకు ఇవ్వడానికి చిన్న పొత్తి బొంతగా దొరకాలి. డబ్బు పెట్టగలిగినవాళ్లు కోరి కొన్న తర్వాత అదే వస్తువు హాస్టల్‌కు వెళ్తే పిల్లవాడి చూపు వేరుగా ఉంటుంది.

అమ్మకం కుదిరినప్పుడు పుట్టుకొచ్చే ప్రమాదం కూడా ముందే తెలిసి ఉండాలి. ఇంటి దగ్గర కూర్చుని ముక్కకింత అని చేసే పనుల్లో మధ్యవర్తి చేతికే లాభం చిక్కుతుందని బీడీ చరిత్ర చెబుతుంది. ఆకు తక్కువ తూచడం, బాగా లేవంటూ ఛాట్ పేరిట బీడీలు తీసేయడం, ఎక్కువ చేస్తే రేటు కోయడం ఇక్కడి ఆడవాళ్లకు తెలియనివి కావు. ఇంటి దగ్గర పనిచేసేవాళ్లకు మిగతా కార్మికులతో సమానంగా హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ నంబరు ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. ఆ ఆమోదం వచ్చేదాకా ఖానాపూర్ ఆగాల్సిన పని లేదు. బొంత మూలన కుట్టే చిన్న చీటీ మీద పొరలెన్ని, ఒంటికి తగిలే బట్ట ఏది, కుట్టు గంటలెన్ని, అందులో కుట్టినామెకు చేరింది ఎంత అని నాలుగు మాటలు రాస్తే చాలు. కొనేవాడు ధర ఎందుకంతో చదువుకుంటాడు. మధ్యవర్తి ఎంత మింగాడో దాచడం కష్టమవుతుంది. కుట్టినామె తన పనిని అంకెల్లో చూసుకుంటుంది.

పెద్ద పథకం, కొత్త కార్పొరేషన్ ఏదీ అక్కర్లేదు. యూనిఫాం జతకు ఇంత కుట్టుకూలి అని ఇప్పటికే ప్రభుత్వం ఖరారు చేస్తోంది. ఆ ఉత్తర్వులోనే ఇంకో వరస చేర్చవచ్చు: కత్తిరింపు ముక్కలు సంఘానివి, వాటితో కుట్టిన బొంతకు చదరపు అడుగుకు ఇంత కూలి, అది ఉపాధి హామీ రోజు కూలికి తగ్గకూడదు అని. మూడు రోజుల పని, 24 చదరపు అడుగుల బొంత, 921 రూపాయలు అంటే అడుగుకు 38 రూపాయల పైచిలుకు. బేరం అక్కడి నుంచి మొదలుకావాలి. బడులు జూన్‌లో తెరుస్తారు. తానులు ఏప్రిల్‌లోనో మేలోనో కత్తెర కిందికి వస్తాయి. అంతకంటే ముందే ఈ రేటు కాగితం మీదికి ఎక్కాలి.